గంజి పెట్టని చొక్కా

ఆ వీధిలో ఎవరి కాలరు నిటారుగా నిలబడినా, దాని వెనక అత్తగారి చెయ్యి ఉందని అందరికీ తెలుసు. లాండ్రీ బోర్డు మీద పేరు కొడుకుదే. ఇస్త్రీ చేసేదీ కొడుకూ కోడలే. గంజి మాత్రం అత్తగారిది. పొద్దున్నే లేచి, గంజిపొడి నీళ్లలో కలిపి, ఉండ కట్టకుండా గరిటె తిప్పుతూ పొయ్యి దగ్గర నిలబడేది. పలచనైతే చొక్కా మధ్యాహ్నానికే వాలిపోతుంది. చిక్కనైతే తెల్లటి చారలు కడతాయి. ఆ మధ్యస్థం ఎక్కడుందో ఆమె వేళ్లకి తప్ప ఇంకెవరికీ పట్టుబడలేదు.

"గంజి లేని చొక్కా, ఉప్పు లేని కూర" అనేది వచ్చినవాళ్లతో.

ఆ మాటకి తలూపని ఖాతాదారు ఒక్కడే ఉండేవాడు, డ్రిల్లు మాస్టారు. బడిపిల్లలకి డ్రిల్లు నేర్పి నేర్పి రిటైరైన మనిషి. ఎండుకట్టెలాంటి ఒళ్లు, రంగు వెలిసిన చొక్కాలు. మూట కౌంటరు మీద పెట్టిన ప్రతిసారీ ఒకటే పాట.

"గంజి వద్దు చెల్లెమ్మా. ఇస్త్రీ కూడా వద్దు. ఉతికి ఆరేసి ఇచ్చెయ్, చాలు."

"ఇస్త్రీ వద్దన్నవాళ్లు లాండ్రీకి ఎందుకొస్తారు మాస్టారూ?"

"ఉతకడానికి నాకు బద్ధకం."

ఆయన వెళ్లాక అత్తగారు కొడుకు దగ్గర వెళ్లగక్కేది. "మన గడప దాటి ఆ గుడ్డలు అలా నలిగి పోతుంటే నా పరువు పోతోందిరా." అందుకని ఆయన మూట ఎప్పుడూ అన్నిటికంటే కింద, ఎవరి కంటా పడకుండా పెట్టేది.

కోడలు నెమ్మదైన పిల్ల. రెండు ఇస్త్రీబల్లల మధ్య ఒక నాపరాతి బండ ఉంది. దాని మీదే ఆమె రోజంతా నిలబడేది. ఎడమ పక్క నలిగినవి, కుడి పక్క మడతపెట్టినవి, మధ్యలో ఆమె. ఆ ఏడు స్కూటరు మూలపడటంతో బట్టలు ఇళ్లకి చేర్చే పని కూడా ఆమె మీదే పడింది. మొదట నడిచి వెళ్లేది. ఇస్త్రీ పని ఆగిపోతోందని కాస్త వడిగా నడిచేది. తర్వాత ఎప్పుడు మొదలైందో ఏమో, మూట భుజాన వేసుకుని పరిగెత్తడం మొదలుపెట్టింది. ఒకరోజు ఎత్తు వీధిలో డ్రిల్లు మాస్టారు ఎదురుపడ్డాడు.

"ఆయాసం రాదా అమ్మాయ్?"

"వస్తుంది మాస్టారూ. మళ్లీ పోతుంది."

ఆ జవాబు ఆయనకి తెగ నచ్చింది. ఆదివారాలు ఊరి చివర గుట్ట దగ్గర కొంతమందికి పరుగు నేర్పుతుంటాడు. రమ్మన్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర కోడలు మెల్లగా మాట బయటపెట్టింది.

"అత్తయ్యా, నేను అల్ట్రా మారథాన్‌కి తయారవుదామనుకుంటున్నాను."

కొడుకు చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. "మారథాన్ అంటే విన్నాను. ఈ అల్ట్రా ఏమిటి?"

"మారథాన్ అయిపోయాక కూడా ఆగకపోవడం. యాభై కిలోమీటర్లు. కొండదారి."

"ఎవరు తరుముతారే?" అని అడిగింది అత్తగారు.

"ఎవరూ తరమరత్తయ్యా."

"మరెందుకు?"

కోడలు కంచంలో వేలితో గీత గీసింది. "పొద్దున్నించి సాయంత్రం దాకా ఈ కాళ్లు ఒకే బండ మీద నిలబడతాయి కదా. ఒకసారి వదిలిపెడితే ఎందాక తీసుకెళ్తాయో చూద్దామని."

"లేడికి లేచిందే పరుగంటారు. వెతికి వెతికి ఇంటికి లేడిని తెచ్చావమ్మా" అన్నాడు కొడుకు.

"పరిగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు పెద్దలు" అంది అత్తగారు. అనేసిందే గానీ, ఆ బండ మాట ఆమెని వదల్లేదు. కోడలు రాకముందు దాని మీద నిలబడ్డది ఆమే. మధ్యలో ఆ రాయి కాస్త లోపలికి అరిగి ఉంటుంది. ఎవరి పాదాలు అరగదీశాయో ఆమెకి తెలుసు. చెయ్యి కడుక్కుని వస్తూ, "షాపు తెరిచే వేళకి ఇంట్లో ఉండాలి, అంతే" అంది. ఆమె ఒప్పుకోవడమంటే అలాగే ఉంటుంది.

ఆ మర్నాటి నుంచి లాండ్రీలో కొత్త చదువు మొదలైంది. మాస్టారు చెప్పిన పాఠాలన్నీ కోడలు ఇస్త్రీ చేస్తూ మొగుడికి అప్పజెప్పేది. అత్తగారు విననట్టు బొత్తాలు సరిచూస్తూ కూర్చునేది, ఒక్క ముక్క పోనిచ్చేది కాదు.

మొదటి ఆదివారం కోడలు చేసిన తప్పేమిటంటే, బట్టలు చేర్చడానికి వెళ్లినట్టు పరిగెత్తింది. మాస్టారు ఆపాడు. "ఎవరి చొక్కాకీ ఆలస్యం కావడం లేదమ్మాయ్. పక్కవాళ్లతో కబుర్లు చెప్పగలిగేంత నెమ్మదిగా పో. కబురాగిందంటే నువ్వు తొందరపడ్డట్టే." గుట్ట మీదికి ఎక్కుడు దారి వస్తే నడవమన్నాడు. కోడలికి నామోషీ అనిపించింది. నడిస్తే అది పరుగెలా అవుతుందని అడిగితే, "మడత దగ్గర ఇస్త్రీపెట్టెని నిదానిస్తావా లేదా? ఎక్కుడు కూడా మడతే" అన్నాడట. పరిగెత్తుతూ నీళ్లు తాగడం నేర్చుకోవాలట, ఆగకుండా అరటిపండు తినడం నేర్చుకోవాలట. మొదటిసారి పొలమారి దగ్గుతో కళ్ల నీళ్లు తెచ్చుకుందని చెప్పి తనే నవ్వింది.

"నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అన్నారా" అంది అత్తగారు బొత్తాల వైపే చూస్తూ.

కానీ రోజూ చూస్తోంది కదా. ఆ పిల్ల తెల్లవారక ముందే లేచి బూట్ల తాళ్లు కట్టుకునేది. వాన పడితే వానలోనే వెళ్లేది. మొదటి నెలంతా తొడలు పట్టేసి మేడ మెట్లు వెనక్కి తిరిగి దిగేది, నిచ్చెన దిగినట్టు. మొగుడు వెక్కిరించినా, దిగి, బండ మీద నిలబడి, ఇస్త్రీపెట్టె అందుకునేది. ఒక్క చొక్కా మాడలేదు, ఒక్క మడత తప్పలేదు. అత్తగారికి పొగడటం చేతకాదు. అందుకని ఫిర్యాదులా చెప్పేది వచ్చినవాళ్లకి. "ఏం చెప్పమంటారు మా ఇంటి సంగతి. ఇవాళ కూడా గుట్ట చుట్టూ తిరిగొచ్చింది మా కోడలు. వద్దంటే వినదు." వద్దని ఆమె ఎన్నడూ అనలేదు.

ఒకనాడు తెల్లవారుజామున కోడలు బయల్దేరుతుంటే అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడింది. ఆ పిల్ల ఒంటిమీద మొగుడి పాత తెల్ల నూలుచొక్కా ఉంది, ఉండ చుట్టి విప్పినట్టు నలిగిపోయి.

"అక్కడికి ఎవరెవరు వస్తారే?"

"బ్యాంకాయన వస్తాడు, ఇద్దరు డాక్టర్లు, మన వీధి టీచరమ్మ."

"వాళ్లందరి ముందుకీ లాండ్రీ ఇంటి కోడలు ఇలాగా వెళ్లేది?"

ఆ రోజు నుంచి ఆ పని అత్తగారు నెత్తిన వేసుకుంది. రెండు నూలుచొక్కాలు విడిగా తీసింది. పెళ్లికొడుకు చొక్కాకి పెట్టేంత గంజి పెట్టింది. చేతుల మీద గీత కత్తి అంచులా వచ్చేలా తనే ఇస్త్రీ చేసింది. బల్ల మీద నిలబెడితే నిలబడేలా ఉంది చొక్కా. కోడలు దాన్ని అందుకుని కాసేపు చూసింది.

"ఇంత శ్రమ ఎందుకత్తయ్యా."

"నాకు పరిగెత్తడం రాదు. నీకు తోడు రాలేను. నాకొచ్చింది ఇదొక్కటే" అంది అత్తగారు.

కోడలు దాన్ని వేసుకుని వెళ్లింది.

కొన్ని వారాలకి మాస్టారు అసలు మాట చెప్పాడు. పందేనికి ముందు పరీక్ష ఉంటుంది. గుట్ట చుట్టూ ఆరు చుట్లు, నడిచినా పరిగెత్తినా సరే, సాయంత్రంలోగా పూర్తి చెయ్యాలి. చేసినవాళ్లనే కొండదారి పందేనికి తీసుకెళ్తాడు. చెయ్యలేనివాళ్లకి వచ్చే ఏడు. మిగతావాళ్లకి వచ్చే ఏడు అంటే వచ్చే ఏడే. కోడలికి మాత్రం కాదు. వచ్చే ఏడు బజారులో రెండో షాపు తెరవాలని మొగుడి ఆలోచన. తెరిస్తే దాన్ని చూసుకోవలసింది ఆమే, ఆదివారాలతో సహా. ఈ ఏడు కాకపోతే ఇక కాళ్ల ముచ్చట తీరేది లేదని ఇంట్లో ముగ్గురికీ తెలుసు. 

చిక్కేమిటంటే, కోడలు ప్రతి ఆదివారం మూడో చుట్టు దగ్గరే ఆగిపోతోంది. ఇంటికొచ్చి నేరుగా స్నానాలగదిలోకి వెళ్లేది. చెమట కంపు కొడుతోందని ఆ చొక్కా తనే జాడించి, గంజికి సిద్ధంగా తెచ్చిచ్చేది. ఎంత మర్యాద తెలిసిన పిల్ల అనుకునేది అత్తగారు.

మాస్టారు మూట తీసుకోడానికొచ్చినప్పుడు అడిగింది. "మా పిల్లకి ఏం తక్కువ మాస్టారూ?"

"ఏమీ తక్కువ లేదు చెల్లెమ్మా. కాళ్లున్నాయి, ఊపిరుంది, మొండితనం కావలసినదానికంటే ఎక్కువే ఉంది. మూడో చుట్టులో చేతులు కోడిరెక్కల్లా పైకెత్తి పరిగెత్తుతుంది, కాసేపటికి ఆగిపోతుంది. ఏమైందంటే ఏమీ లేదంటుంది. నాకు తోచిందొకటే, ఆ పిల్లకి చెమట విపరీతం. మొదలుపెట్టకముందే చొక్కా తడిసి ముద్దయి ఉంటుంది. ఒంట్లో ఉప్పు పోతోంది. ఉప్పునీళ్లు తాగిస్తున్నాను."

అత్తగారికి దారి దొరికినట్టయింది. ఆ పూట నుంచి కూరలో ఉప్పు ఒకటికి రెండు వేసింది. కొడుకు రెండు రోజులు ఓర్చుకున్నాడు. మూడో రోజు, "అమ్మా, ఈ కూర సముద్రంలో వండావా?" అన్నాడు.

"నోరు మూసుకుని తిను. నీ పెళ్లాం పరిగెత్తాలి."

"పరిగెత్తేది అది. దాహం నాకు."

పరీక్ష రోజు వచ్చింది. అత్తగారు ఒక సంచిలో అరటిపళ్లు, ఉడికించిన బంగాళాదుంపలు పెట్టుకుంది. ఎలాగూ మాస్టారు అక్కడే ఉంటాడని ఆయన బట్టల మూట కూడా పట్టుకుంది. బాగుచేయించిన స్కూటరు మీద కొడుకు ఇద్దరినీ గుట్ట దగ్గర దింపి, షాపులో పనుందని వెళ్లిపోయాడు.

అక్కడ ఒక రేకుల షెడ్డు, దాని వెనక ఒక కుళాయి. పదిమంది దాకా కాళ్లూ చేతులూ ఆడిస్తున్నారు. వాళ్లందరిలో తన కోడలి చొక్కాయే తెల్లగా, నిలువుగా, గీత తప్పకుండా ఉందని అత్తగారు చూసుకుని మురిసిపోయింది. ఆ మురిపెం ఎంతోసేపు లేదు. కోడలు అటూ ఇటూ చూసి షెడ్డు వెనక్కి వెళ్లింది. అరటిపండు ఇద్దామని వెంట వెళ్లిన అత్తగారు మూల దగ్గరే ఆగిపోయింది. కోడలు కుళాయి తిప్పి, దోసిళ్లతో నీళ్లు పట్టి, భుజాల మీద, చంకల కింద, కాలరు మీద పోసుకుని చొక్కాని నలుపుతోంది.

అత్తగారి ప్రాణం చివుక్కుమంది. వెనక్కొచ్చి బల్ల మీద కూర్చుంది. అంత ఇష్టం లేకపోతే చెప్పచ్చుగా అనుకుంది. ఎదుటివాళ్ల కష్టం నీళ్లపాలు చెయ్యడమంటే ఇదే.

మొదటి చుట్టు, రెండో చుట్టు కోడలు బాగా వచ్చింది. టీచరమ్మతో ఏదో చెబుతూ, నవ్వుతూ వచ్చింది. ఎక్కుడు దగ్గర నడక, దిగుడు దగ్గర పరుగు. అత్తగారు కోపంలో ఉండి కూడా చూపు తిప్పుకోలేకపోయింది. ఆ పిల్ల నడుము కదలడం లేదు, తల ఊగడం లేదు, కింద కాళ్లు మాత్రం ఎవరో తిప్పుతున్న చక్రంలా పోతున్నాయి. ఇన్నాళ్లు ఆ రెండడుగుల బండ మీద ఇదంతా ఎక్కడ దాచిపెట్టుకుందో అనిపించింది.

ఎండెక్కింది. మూడో చుట్టు ముగిసేసరికి కోడలు ఒక్కతే వచ్చింది. చేతులు ఒంటికి తగలకుండా ఎత్తిపెట్టి ఉన్నాయి. ముఖం పాలిపోయి ఉంది. నీళ్ల కోసం దగ్గరికి వస్తే, అత్తగారి కళ్లు అలవాటుకొద్దీ ముందు చొక్కా మీదికే వెళ్లాయి. మరక చూస్తే అది టీదో, సిరాదో, తుప్పుదో ఆమె దూరం నుంచే చెప్పగలదు. చంకల దగ్గర కుట్టు వెంబడి సన్నగా, గోధుమరంగులో ఉన్న ఆ గీతలు ఎండిన నెత్తురని ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

చొక్కా అంచు పట్టుకుని చూసింది. పొద్దున పోసుకున్న నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. గంజి మళ్లీ బిగుసుకుంది. దాని మీద చెమట ఉప్పు పేరుకుంది. అంచు రంపంలా ఉంది.

కోడల్ని షెడ్డులోకి లాక్కెళ్లి బొత్తాలు విప్పింది. చంకల కింద, మెడ చుట్టూ చర్మం ఎర్రగా లేచిపోయి ఉంది.

"ఎప్పట్నించే ఇది?"

"మొదట్నించీ అత్తయ్యా."

"నోరు లేదూ నీకు?"

"తడిపితే మెత్తబడుతుంది. రెండు చుట్ల దాకా ఏమీ అనిపించదు. తర్వాతే."

"నేనడిగేది చెప్పు. ఎందుకు చెప్పలేదు?"

కోడలు తల దించుకుంది. "మీకొచ్చింది ఇదొక్కటే అన్నారు కదా. వద్దని ఎలా అనను?"

అత్తగారు విప్పిన బొత్తాల వైపు చూసింది. కంచె చేను మేసిందంటే ఇదే కాబోలు. ఆ పిల్లని మూడో చుట్టు దగ్గర ఆపేస్తున్నది ఎండా కాదు, గుట్టా కాదు. తను తెల్లవారి లేచి, ఉండ కట్టకుండా తిప్పిన గంజి.

"ఇంటికి పోదామా?" అంది చివరికి, గొంతు తగ్గించి.

కోడలు షెడ్డు గుమ్మంలోంచి రోడ్డు వైపు చూసింది. "ఇంకా మూడు చుట్లున్నాయత్తయ్యా."

అత్తగారు చుట్టూ చూసింది. మందుల పెట్టె ఒకటి ఉంది. అందులో పుండ్లకి రాసే లేపనం దొరికింది. చొక్కా సంగతేమిటి? ఎదురుగా బల్ల మీద మాస్టారి మూట ఉంది.

లాండ్రీ పెట్టిన నాటి నుంచి ఆమెకి ఒకే నియమం. ఎవరి బట్ట వాళ్లకే. ఖాతాదారు బట్ట ఒంటికి తగిలించుకున్న రోజు షాపు మూసెయ్యాలనేది. ఎవరిదో చొక్కా వేసుకుని పెళ్లికెళ్లాడని ఒక పనివాణ్ని అదే పూట పంపించేసింది. అడుగుదామంటే మాస్టారు గుట్టకి అవతలి వైపు ఉన్నాడు. ఆయన వచ్చేదాకా ఆగితే సాయంత్రమవుతుంది.

ముడి విప్పింది. పైనే ఉంది, రంగు వెలిసిన చొక్కా ఒకటి. ఇన్నేళ్లూ విసుక్కుంటూ ఉతికిందే గానీ, దాన్ని ఎన్నడూ చేత్తో నిమిరి చూడలేదు. ఇప్పుడు నిమిరింది. పసిపిల్లాడి చెంపలా ఉంది.

"వేసుకో."

"ఇది మాస్టారిదత్తయ్యా. మీరే కదా ఖాతాదారు బట్టలు..."

"నేనే. వేసుకో, పొద్దుపోతోంది."

లేపనం తనే రాసింది. కోడలు మొదటిసారి అయ్యో అంది. తర్వాత ఆ వదులు చొక్కా తలమీదుగా వేసుకుని, రెండు చేతులూ కిందికి దించి, ఆశ్చర్యంగా అత్తగారి ముఖంలోకి చూసింది. చేతులు ఒంటికి తగిలినా ఏమీ కాలేదు. ఒక దుంప తీసుకుని తింటూనే పరుగు అందుకుంది.

కాసేపటికి మాస్టారు అవతలి నుంచి వచ్చాడు. చెమట తుడుచుకుంటూ, "చెల్లెమ్మా, నీ కోడలు ఎదురుపడింది. దాని ఒంటిమీద చొక్కా ఎక్కడో చూసినట్టుందే" అన్నాడు.

అత్తగారు లేచి నిలబడింది. "మీదే మాస్టారూ. మీ మూట విప్పాను. తప్పు నాది." మొత్తం చెప్పింది, గంజితో మొదలుపెట్టి కుళాయి దాకా, ఏమీ దాచకుండా. పని విషయంలో తప్పు తనదని ఆమె ఒప్పుకోవడం ఆ ఊళ్లో అంతవరకూ ఎవరూ వినలేదు.

మాస్టారు బల్ల మీద కూలబడ్డాడు. "పాత మెత్తటి చొక్కా వేసుకోమని ఎన్నిసార్లు చెప్పానో. ఇది పాతదే మాస్టారూ అనేది. నేను చెమటనుకున్నాను చెల్లెమ్మా. ఇన్నాళ్లూ ఉప్పునీళ్లు తాగించాను."

"నేను కూరలో వేశాను."

"అయితే ఇద్దరం కలిసి ఆ పిల్లని ఉప్పులో ఊరబెట్టామన్నమాట."

నాలుగో చుట్టు అయింది. ఐదోది అయింది. బ్యాంకాయన ఐదుకే ఆగిపోయి నేల మీద పడుకున్నాడు. డాక్టర్లిద్దరూ పూర్తి చేసి వెళ్లిపోయారు. టీచరమ్మ కూడా ముగించి బూట్లు విప్పుకుంటోంది. కోడలు మాత్రం ఇంకా ఆరో చుట్టులో ఉంది. పొద్దు గుట్ట మీదికి వాలింది. అత్తగారు కూర్చోలేకపోయింది. చెప్పులతోనే ఎక్కుడు వైపు నడిచింది.

మలుపు దగ్గర కనబడింది. నడుస్తోంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి, కాలు కాస్త ఈడుస్తోంది. అయినా ఆ నడకలో నామోషీ లేదు, తొందర లేదు. అత్తగారు పక్కన చేరి అడుగు కలిపింది. నాలుగడుగులకే ఆమెకి రొప్పు వచ్చింది.

"ఆయాసమా అత్తయ్యా?"

"వస్తుంది. మళ్లీ పోతుందన్నావుగా. నడు."

కొసదాకా ఇద్దరూ కలిసే ఎక్కారు. పైకి రాగానే కోడలు ఒక్క క్షణం ఆగింది. "ఇక్కణ్నించి దిగుడత్తయ్యా. పరిగెత్తాలి."

"పో మరి. నాకోసం చూడకు."

కోడలు పరిగెత్తింది. అత్తగారు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని పైనుంచి చూస్తూ నిలబడింది. వెలిసిన ఆ చొక్కా గాలికి ఉబ్బి, నలిగి, ఇటూ అటూ కొట్టుకుంటోంది. అంత అందంగా ఉన్న బట్ట ఈ మధ్యకాలంలో తన షాపు నుంచి బయటికి వెళ్లలేదనిపించింది ఆమెకి. కింద షెడ్డు దగ్గర మాస్టారు చెయ్యెత్తడం, టీచరమ్మ చప్పట్లు కొట్టడం కనిపించాయి. వెలుగింకా ఉంది.

ఆమె దిగివచ్చేసరికి కోడలు నేల మీద కూర్చుని అరటిపండు తింటోంది, నిదానంగా, దగ్గకుండా. మాస్టారు అంటున్నాడు, "పందేనికి వస్తున్నావు. గర్వపడకు. ఇవాళ్టిదాకా చేసింది మొదలు. అసలు పని రేపట్నించి."

"చొక్కా ఉతికి పంపిస్తాను మాస్టారూ" అంది అత్తగారు.

"చెల్లెమ్మా, గంజి మాత్రం..."

"పెట్టను."

ఆ వారమంతా లాండ్రీకి వచ్చినవాళ్లు ఒక వింత చూశారు. అత్తగారు తన బట్టల పైన మగవాళ్ల తెల్ల నూలుచొక్కా ఒకటి తొడుక్కుని తిరుగుతోంది. వేడినీళ్లలో నానబెట్టి, జాడించి, మళ్లీ నానబెట్టి గంజంతా వదలగొట్టిన చొక్కా అది. కాలరు వాలిపోయి, చేతులు ముడతలు పడి ఉన్నాయి. ఆమె నడుం వంచి మూటలు ఎత్తుతోంది, నీళ్లు మోస్తోంది, మోచేతులు బల్లకి ఆనించి కావాలని రుద్దుతోంది. కోడలు బండ మీద నిలబడి ఇస్త్రీ చేస్తూ నవ్వాపుకుంటోంది.

ఒక ఖాతాదారు ఉండబట్టలేక అడిగాడు. "ఏంటమ్మా, మీ ఒంటిమీద ఇంత నలిగిన చొక్కానా?"

"మెత్తపరుస్తున్నాను. మా కోడలిది. పందెం దగ్గరపడుతోంది" అంది అత్తగారు. అతని చేతిలో మూట అందుకుంటూ, పుట్టినప్పటి నుంచి ఆ సంగతి తనకి తెలిసినట్టు, "పరిగెత్తే చొక్కాకి గంజి పెట్టకూడదు బాబూ" అంది.